ఆరున్నర అంటే ఆరున్నరే: అమెరికాలో పిల్లలను బేస్‌బాల్‌కు పంపే కొత్తవారికి

క్రిందటి నెల కావలిలో ఒక పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చున్న కందుకూరు కుర్రవాడు, అమెరికాలో తన కొడుకుకు బేస్‌బాల్ నేర్పే కోచ్ తనతో ముఖం చిట్లించి మాట్లాడాడని భోజనం ముగిసేదాకా వాపోయాడు. ఆరున్నరకు ప్రాక్టీస్ అయిపోతే ఇతడు ఏడుంబావుకు వెళ్లాడట. "డబ్బులు కట్టాం గదన్నా, కాసేపు చూసుకుంటే ఏం పోయింది?" అన్నాడు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నదే కనుక పెళ్లిలో అతణ్ణి కోప్పడలేకపోయాను. మిగిలిన కోపం ఇక్కడ రాస్తున్నాను.

మీరు కట్టిన రుసుము దుస్తులకు, బంతులకు, మైదానానికి, బీమాకు పోతుంది. ఇలాంటి ఊరి లీగ్‌లలో మామూలుగా కోచ్‌కు అందులో ఒక్క డాలరు కూడా రాదు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ మూడు జట్లతో లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీ మొదలుపెట్టిన నాటి నుంచీ ఊళ్లలో పిల్లల ఆట నడుస్తున్నది ఎక్కువగా జీతం లేని తల్లిదండ్రుల చేతుల మీదుగానే. నెల్లూరులో క్రికెట్ శిక్షణకు పంపి నెలనెలా సార్‌కు డబ్బు ముట్టజెప్పే అలవాటున్న మనకు ఇది ఒక పట్టాన తలకెక్కదు. అక్కడ కోచ్ అంటే పగలంతా ఎక్కడో పని చేసి, సాయంత్రం ఆ బట్టలతోనే బంతుల బకెట్టు మోసుకుని వచ్చే ఇంకొక పిల్లవాడి తండ్రో, తల్లో.

ఇక నా సంగతి. 2019 వసంతంలో మా అమ్మాయిని బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్‌లో చేర్చాను. (పేరుకే సాఫ్ట్, ఆ బంతి తగిలితే తెలుస్తుంది.) ఆఫీసులో పని తెమలక ఒక గురువారం నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. పెన్న ఇసుకలో చీకటి పడేదాకా ఆడి మనంతట మనమే ఇల్లు చేరినవాళ్లం. పిల్లను వెనక్కు తెచ్చుకోవడానికి నిమిషాల లెక్క ఉంటుందని నాకు తట్టనే లేదు. మైదానం ఖాళీగా ఉంది. బోర్లించిన బకెట్టు మీద మా అమ్మాయి, పక్కన కోచమ్మ, కాస్త దూరంలో కారు తలుపు తెరిచి ఏడుస్తున్న పసిబిడ్డను ఊరడిస్తూ మరొక తండ్రి ఉన్నారు. నేను జేబులోంచి ఇరవై డాలర్లు తీసి ఆమెకు ఇవ్వబోయాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆ తండ్రి ఎందుకున్నాడో ఆయనే చెప్పాడు: పరాయి బిడ్డతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఉండకూడదు కనుక, నేను వచ్చేదాకా ఆమెతోపాటు ఆయనా ఉండిపోవలసి వచ్చింది.

2018 ఫిబ్రవరిలో, ఆటల్లో పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చాక ఈ కట్టుబాటు మరింత బిగిసింది. అంటే మీరు ఆలస్యం చేసిన అరగంట ఇద్దరు మనుషుల నుంచి, రెండు ఇళ్ల రాత్రి భోజనాల నుంచి పోతుంది. దారిలో కారు చెడిపోతే అది వేరు. కానీ ఇంట్లోంచి కదలకుండానే "అయిదు నిమిషాల్లో అక్కడుంటా" అనే మన అలవాటు ఒంగోలు బస్టాండులో చెల్లుతుంది, అక్కడ చెల్లదు. పది నిమిషాలు ముందే వెళ్లండి. రాలేకపోతే బిడ్డను ఎవరితో పంపాలో కోచ్‌కు ముందుగానే రాసి తెలపండి.

మిగిలినవి చిన్నవి. మావాడి చేత బంతి ఎందుకు వేయించలేదని ఆట ముగియగానే కోచ్ మీద పడకండి. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో తొమ్మిది, పదేళ్ల పిల్లలు రోజుకు 75 బంతులకు మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. కంచె వెనక నుంచి "ఉరకరా" అని కేకలు వేయకండి. అటు కోచ్ ఆగమంటుంటే వాడు ఎవరి మాట వినాలి? కొందరు కోచ్‌లు సొంత బిడ్డకే మంచి స్థానం ఇస్తారన్నది నిజమే, నేనూ చూశాను. అంత బాధగా ఉంటే వచ్చే సీజన్‌కు కోచ్‌గా మీరే పేరు ఇవ్వండి.

మరుసటి ప్రాక్టీస్‌లో కోచ్ పిల్లవాడితో ఎప్పటిలాగే ఉన్నాడని ఆ కందుకూరు కుర్రవాడే చివరకు ఒప్పుకొన్నాడు. కాబట్టి పెద్దగా చెడిందేమీ లేదు. మా కోచమ్మ కూడా ఆ ఇరవై డాలర్ల మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటి వారం స్కోరు పుస్తకం నా చేతిలో పెట్టింది. ఫోర్స్ అవుట్ అంటే ఏమిటో నాకు తెలిసేసరికి సగం సీజన్ గడిచింది. అందాకా నా తప్పులను మా అమ్మాయే దిద్దింది.