సన్న జుత్తు పిల్లలకి బడి జడలు: సాయంత్రం దాకా ఊడకుండా ఉండాలంటే

పొద్దున్నే నున్నగా దువ్వి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి ఆటో ఎక్కిస్తాం. సాయంత్రం దిగేసరికి ఒక రిబ్బను బ్యాగులో, ఇంకోటి చెవి కింద వేలాడుతూ, ముంగురులన్నీ కళ్ళలో. సన్న జుత్తు ఆడపిల్లలున్న ఇళ్ళన్నిట్లో ఇదే గొడవ. మా విజయనగరంలో అయినా అటు సిక్కోలులో అయినా పెద్దవాళ్ళు చెప్పే మందు ఒకటే, "గుంటకి నూనె దట్టించి లాగి కట్టవే, అదే నిలుస్తాది" అని. ఒత్తు జుత్తుకి అది పనిచేస్తుంది కానీ సన్న జుత్తుకి రెండూ చెడుపే. నూనె ఎక్కువైతే రబ్బరు బ్యాండు ఇంకా తొందరగా జారిపోతుంది, లాగి కడితే మాడు నొప్పి తప్ప పట్టు రాదు. ఈ జుత్తు నిలవాలంటే గట్టిగా బిగించడం కాదు, చిన్న చిన్న పాయలుగా విడదీసి దేన్ని దాని దగ్గరే కట్టి, తర్వాత జడలో కలుపుకోవాలి. మిగతాదంతా దీనికి తోడు చేసే పనులే.

ముందు మీ పాపది సన్న జుత్తా, పలచని జుత్తా చూసుకోండి. ఒక్క వెంట్రుక తీసి వేళ్ళ మధ్య నలిపితే ఉన్నట్టే తెలియకపోతే సన్న జుత్తు. పాపిడి తీసినప్పుడు మాడు వెడల్పుగా కనిపిస్తే పలచన. సన్నగా ఉండి కూడా బాగా ఒత్తుగా ఉన్న తలలుంటాయి, వాటికి బ్యాండు సైజు మారుతుంది, పద్ధతి మారదు. చిన్నపిల్లల వెంట్రుక పెద్దవాళ్ళ వెంట్రుక కంటే సన్నగానే ఉంటుంది, ఎదిగేకొద్దీ చాలామందికి మందం పెరుగుతుంది, కాబట్టి యూకేజీ పిల్లకి జడ సన్నగా ఉందని టెన్షన్ పడి కనిపించిన నూనెలన్నీ కొనక్కర్లేదు. సింహాచలం అప్పన్నకి మొక్కుంటే తలనీలాలు ఇచ్చేయండి, అది మొక్కు సంగతి. ఒత్తుగా వస్తుందని మాత్రం మళ్ళీ మళ్ళీ గుండు చేయించకండి. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి పైపైనే పోతుంది. కొత్తగా వచ్చే జుత్తు మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే.

కటింగ్ దగ్గరే సగం పని అయిపోతుంది. జుత్తంతా ఒకే పొడవులో, కింద అంచు సమానంగా ఉండేలా కత్తిరించమనండి. లేయర్లు వద్దు. లేయర్ కట్ చేసిన సన్న జుత్తులో పొట్టి వెంట్రుకలు జడ మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చేస్తాయి, ఎంత బాగా అల్లినా ఇంటర్వెల్‌కే రేగిపోయినట్టుంటుంది. నుదుటి మీద ముద్దుగా ఉంటుందని ముందు జుత్తు కత్తిరించడం కూడా బడికి వెళ్ళే పిల్లకి ఇబ్బందే. జుత్తు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంటే కనుబొమల దాకా కత్తిరించినది చెవి వెనక్కి అందడానికి చాలా నెలలు పడుతుంది, అన్నాళ్ళూ కళ్ళలో పడుతూనే ఉంటుంది. బడిలో జడలే ఉండాలన్న రూలు లేకపోతే ఆరేడేళ్ళ దాకా గడ్డం కిందికి సమానంగా బాబ్ కట్ చేయించి, పక్కన ఒక క్లిప్పు పెట్టి పంపడం అన్నిటికంటే హాయి. నా మాట అడిగితే అదే చేయమంటాను.

తలస్నానం రోజు కూడా లెక్కే. షాంపూ చేసిన మర్నాడు సన్న జుత్తు అస్సలు నిలవదు, పట్టులా జారిపోతుంది. అందుకే ఆదివారం సాయంత్రం కాకుండా శనివారం పొద్దున తల పోయండి, సోమవారానికి జుత్తు దారికొస్తుంది. కుంకుడుకాయతో అయితే ఇంకా మంచిది, కాస్త గరుకు మిగులుతుంది, జడకి ఆ గరుకే కావాలి. మనకి సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి కుంకుడుకాయలు బాగానే వస్తాయి, గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర చూడండి. గింజ తీసి కొట్టి వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టండి, పిప్పి ఉండిపోతే తలలో ఇరుక్కుంటుంది. కళ్ళలో పడితే భగ్గున మండుతుంది కాబట్టి పిల్లని తల వెనక్కి వాల్చి కూర్చోబెట్టి పోయాలి. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే షాంపూ నురగ సరిగా రాదు, జుత్తు చిక్కులు కడుతుంది. చివరి రెండు చెంబులైనా మంచినీళ్ళు పోయండి.

నూనె పెట్టాలంటే తలస్నానానికి ముందు రాత్రి పెట్టండి. బడి రోజుల్లో అయితే రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతులకి రాసుకుని, జడ పూర్తయ్యాక పైపైన నిమరండి, లేచిన వెంట్రుకలు అణుగుతాయి. కుదుళ్ళకి వద్దు.

ఇక జడ. దువ్వెన చిక్కు తీసేది, పళ్ళు ఎడంగా ఉన్నది తీసుకోండి. కింద చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, పై నుంచి ఒక్క లాగు లాగితే చిక్కంతా కిందికి చేరి తెగుతుంది. తడి జుత్తు సాగి తెగిపోతుంది, కాబట్టి పూర్తిగా ఆరాకే దువ్వి, ఆపైన చేతులు కాస్త తడి చేసుకుని పాపిడి దగ్గర మాత్రం రాయండి. పాపిడి దువ్వెన కొనతో తియ్యండి. పలచని జుత్తయితే గీత గీసినట్టు కాకుండా వంకరటింకరగా తీస్తే మాడు కనిపించదు, జుత్తు కాస్త ఒత్తుగా కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఒక పక్క జుత్తంతా ఒకేసారి పట్టుకోకండి. నుదుటి నుంచి చెవి పైదాకా ఉన్న ముందు జుత్తుని వేరు చేసి, చెవికి రెండు వేళ్ళ పైన చిన్న పిలకలా సన్న సిలికాన్ రబ్బరుతో కట్టండి. ముంగురులు ఊడేది ఇక్కడి నుంచే. పెద్ద జడకి అవి అందవు, ఈ చిన్న పిలకకి అందుతాయి. తర్వాత ఆ పిలక తోకని కూడా కలుపుకుని ఆ పక్క జుత్తంతా చెవి వెనక్కి తెచ్చి, గుడ్డ చుట్టిన మెత్తటి బ్యాండుతో కట్టండి. ఇలా రెండుచోట్ల పట్టు దొరికాక అప్పుడు మూడు పాయలు అల్లండి. పిల్ల తల ఊపినా, బస్సు కిటికీ గాలి కొట్టినా బరువంతా ఒకే బ్యాండు మీద పడదు. జుత్తు మరీ పొట్టిగా ఉంటే పక్కకి రెండేసి పిలకలు కట్టుకుంటూ వెనక్కి రండి, ఒకదాని తోక ఇంకోదాంట్లో కలిసిపోతుంది. మొదట్లో చేయి తిరగదు, టైము పడుతుంది, అలవాటైతే పాలు కాగేలోపు అయిపోతుంది.

రిబ్బను చివర్లో కట్టకండి. చివర కడితే నున్నటి రిబ్బను సన్న జడ మీద నుంచి జారడం ఖాయం. రిబ్బనుని సగానికి మడిచి, ఆ మడత దగ్గర బ్యాండు కింద దూర్చి, రెండు కొసల్ని రెండు పాయలతో కలిపి అల్లుకుంటూ పోండి. కింద రెండు వేళ్ళ జుత్తు మిగలగానే రబ్బరు వేసి, రిబ్బను కొసలు దాని చుట్టూ రెండుసార్లు తిప్పి ముడేసి, జడని పైకి మడిచి మొదట్లో బ్యాండు దగ్గర బో కట్టండి. రిబ్బను జడలోనే ఉంది కాబట్టి ముడి వదులైనా కింద పడదు, పైగా సన్న జడ కాస్త లావుగా కనిపిస్తుంది. దీనికి కాస్త పొడవు రిబ్బను కావాలి. గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపుల్లో మీటర్ల లెక్కన అడిగి తెచ్చుకోండి, ముందే కట్ చేసి అమ్మేవి చాలకపోవచ్చు.

ఆఫీసు రబ్బర్లు, పొట్లాలకి చుట్టే రబ్బర్లు ఎప్పుడూ వాడకండి, తీసేటప్పుడు వెంట్రుకల్ని తెంపుకుని వస్తాయి. సిలికాన్ రబ్బరు అయినా లాగొద్దు, ఒక చుక్క నూనె రాస్తే జారుతుంది, లేకపోతే చిన్న కత్తెరతో రబ్బరుని జాగ్రత్తగా కత్తిరించండి. టిక్‌టాక్ క్లిప్పు నిలవడం లేదంటే దాని లోపలి రేకుకి కాటన్ దారం నాలుగు చుట్లు గట్టిగా చుట్టి ముడేయండి, దారం జుత్తుని పట్టుకుంటుంది. పాయని ఒకసారి మెలితిప్పి, ఆ మెలిక మీద క్లిప్పు పెట్టండి. అంగన్‌వాడీకి వెళ్ళే చిన్నపిల్లలకి పూసలున్న క్లిప్పులు, ఊడొచ్చే బొమ్మల క్లిప్పులు వద్దు, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

బిగువు సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. జడ అయ్యాక పాపని కనుబొమలు పైకెత్తమనండి. నుదురు లాగినట్టుంటే, పాపిడి అంచున చర్మం చిన్న చిన్న పొక్కుల్లా లేచి కనిపిస్తే వెంటనే వదులు చేయాలి. రోజూ ఒకేచోట లాగి కడుతూ ఉంటే నుదుటి అంచున, చెవుల పైన జుత్తు పలచబడుతుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే అక్కడ మళ్ళీ రాకపోవచ్చు కూడా. అందుకని వారానికొకసారి పాపిడి కాస్త అటూ ఇటూ మార్చండి, సెలవు రోజు జుత్తు విరబోసి వదిలేయండి. పిల్ల "అమ్మా, నొప్పి" అంటే అది మారాం కాదు, నమ్మండి. పండగలకి కనకాంబరాల దండ బరువైనది పెట్టకండి, చిన్న ముక్క చాలు, పిన్నుతో కాకుండా జడలో గుచ్చండి.

బడిలో ఏం జరుగుతుందో మన చేతిలో లేదు కదా. పెన్సిల్ బాక్సులో రెండు రబ్బర్లు పెట్టి, ఊడితే మళ్ళీ జడ అల్లక్కర్లేదని పిల్లకి చెప్పండి, ఉన్న జుత్తుని చెవి వెనక పట్టుకుని ఒక రబ్బరు రెండుసార్లు తిప్పుకుంటే చాలు. ఇంట్లో బొమ్మ మీద నేర్పితే యూకేజీ పిల్లలు కూడా పట్టేస్తారు. మేడమ్‌గారికి కూడా ఒకసారి చెప్పి ఉంచండి, "మేడమ్, మా పాపది బాగా సన్న జుత్తండీ, ఊడితే ఒక రబ్బరు పెట్టి వదిలేయండి చాలు" అని. చాలామంది టీచర్లు అర్థం చేసుకుంటారు. నాన్న బండి మీద ముందు కూర్చుని వచ్చే పిల్లలకి తలకి పల్చటి కాటన్ స్కార్ఫ్ కట్టండి, గేటు దగ్గర విప్పేస్తే సరి.

మగపిల్లల సంగతి చిన్నదే. పక్కలు పొట్టిగా, పైన ఓ వేలు పొడవు ఉంచి నెలకోసారి కటింగ్ చేయిస్తే తడి చేత్తో దువ్వినా సరిపోతుంది. జెల్ అవసరం లేదు.

రాత్రి పడుకునేటప్పుడు అన్ని రబ్బర్లూ తీసేసి వదులుగా ఒకటే జడ వేయండి. విరబోసుకుని పడుకుంటే దిండుకి రాసుకుని పొద్దున చిక్కుముళ్ళు, ఆ హడావుడిలో మళ్ళీ లాగుడు.

పేల గురించి చెప్పకపోతే బడి జుత్తు గురించి చెప్పినట్టు కాదు. పేలు ఎగరవు, దూకవు, తలకి తల ఆనినప్పుడే ఎక్కుతాయి, జడలు మడిచి కట్టేది అందుకు కూడా మంచిదే. ఆదివారం ఎండలో కూర్చోబెట్టి చెవుల వెనక, మెడ మీద చూడండి. గీరితే రాలిపోయేది చుండ్రు, వెంట్రుకకి అతుక్కుపోయి రానిది ఈపి. తడి జుత్తుకి కండిషనర్ రాసి పేల దువ్వెనతో పాయ పాయగా దువ్వి, ప్రతిసారీ దువ్వెనని తెల్ల గుడ్డకి తుడవండి. సన్న జుత్తు కాబట్టి కుదుళ్ళ దగ్గర చేత్తో పట్టుకుని దువ్వాలి. ఇలా మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాలు చేయాలి. మందు లోషన్ అయితే డాక్టర్నో మందుల షాపు ఫార్మసిస్టునో పిల్ల వయసు చెప్పి అడిగి తెచ్చుకోండి, ఈపులు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వాళ్ళు చెప్పిన రోజుకి రెండోసారి రాయడం మర్చిపోకండి. కిరసనాయిలు మాత్రం ఎవరు చెప్పినా రాయొద్దు, చర్మం కాలుతుంది, నిప్పు దగ్గరకెళ్తే ప్రాణం మీదికొస్తుంది. తలలో ఎక్కడైనా గుండ్రంగా జుత్తు పోయి పొలుసుల్లా ఉంటే అది పేలు కాదు, తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, లోపలికి మందు వాడాలి కాబట్టి నాటువైద్యాలు చేస్తూ కూర్చోకుండా చర్మం డాక్టరుకి చూపించండి.