డాస్‌లో మెమరీ సర్దుకోవడం - 4వ పాఠం: పెద్దది ముందు

డాస్ (విండోస్‌కి ముందటి పాత పీసీ సిస్టమ్)లో ప్రోగ్రామ్‌లు నడిచేది మొదటి 640 కెబి మెమరీలో. డ్రైవర్లని దాని పైనున్న మెమరీలోకి పంపే లైన్లు పోయిన పాఠంలో పెట్టాం. అది చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు. లైన్లన్నీ పెట్టారట, 640 కెబిలో ఖాళీ మాత్రం పెరగలేదట. ఈసారి ఈఎంఎస్ (అదనపు మెమరీని వాడుకునే మరో పద్ధతి) చెబుదామనుకున్నాను గానీ, ముందు ఇది తేలాలి.

కాన్ఫిగ్.సిస్ (మెషిన్ లేచేటప్పుడు డాస్ చదివే ఫైలు) తెరవండి. పైన హైమెమ్, దాని కింద ఈఎంఎం386 నోఈఎంఎస్ (ఈ రెండూ 640 కెబి పైనున్న మెమరీని తెరిచే డ్రైవర్లు), తర్వాత డాస్=హై,యుఎంబి. డ్రైవర్లని పైకి ఎక్కించే డివైస్‌హై లైన్లన్నీ వీటి కిందే ఉండాలి. మెషిన్‌లో ప్రాసెసర్ 386 గానీ ఆపైది గానీ అవ్వాలి. ఇది సరిగ్గా ఉంటే, అసలు చిక్కు వేరే చోట ఉంది.

ఎల్‌హెచ్ (లోడ్‌హై, అంటే పైకి ఎక్కించమనే కమాండ్) పెట్టిన ప్రోగ్రామ్‌కి పైన చోటు దొరక్కపోతే డాస్ ఎర్రర్ చూపించదు. ఏమీ చెప్పకుండా కింద 640 కెబిలోనే ఎక్కించేస్తుంది. మనం మాత్రం పైకి వెళ్లిందనే అనుకుంటాం. దీనివల్ల నేను పోగొట్టుకున్న రాత్రులు చాలా ఉన్నాయి.

చోటు ఎందుకు దొరకదు? మెమ్ /సి (ఏది ఎంత మెమరీ పట్టిందో చూపే కమాండ్) చూపించేది ప్రోగ్రామ్ కుదురుకున్నాక ఉండే సైజు. ఎక్కేటప్పుడు కొన్నిటికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. నా మౌస్ డ్రైవర్ ఫైలు 56 కెబి, కుదురుకున్నాక పట్టేది 17 కెబి. పైన 40 కెబి ఖాళీ ఉంది కదా అని ఎల్‌హెచ్ పెడితే ఎక్కదు. ముందు 56 కెబి కావాలి, అదీ ఒకే ముక్కగా. 30 కెబి ముక్కలు రెండున్నా పనికిరావు. బీరువా గోడకి చేరాక రెండడుగులే తీసుకుంటుంది, కానీ గుమ్మంలోంచి తెచ్చి తిప్పాలంటే గది సగం ఖాళీగా ఉండాలి.

అందుకే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో (కాన్ఫిగ్.సిస్ తర్వాత నడిచే ఫైలు) మౌస్ ముందు, ఎంఎస్‌సిడెక్స్ (సీడీని డాస్‌కి చూపించేది) తర్వాత. డాస్‌కీ (కొట్టిన కమాండ్లు గుర్తుపెట్టుకునేది) చిన్నది, మిగిలిన సందులో దూరుతుంది. డాస్ 6లో స్మార్ట్‌డ్రైవ్‌కి (డిస్క్ చదవడాన్ని వేగం చేసేది) ఎల్‌హెచ్ అక్కర్లేదు, దానంతటదే పైకి పోతుంది. ఎంఎస్‌సిడెక్స్‌కి /ఎం: (బఫర్ల సంఖ్య) అంకె పెంచేకొద్దీ ఒక్కోదానికి 2 కెబి పోతుంది. నేను 4 దాటను.

మెమ్‌మేకర్ (ఈ సర్దుడంతా తనే చేసే డాస్ 6 ప్రోగ్రామ్) వాడొచ్చా అని అడుగుతున్నారు. నేను వాడను. ఏ ముక్కలో ఎక్కించాలో చెబుతూ అది రాసే /ఎల్: అంకెలు ఇప్పుడున్న డ్రైవర్లకి సరిపోయేలా లెక్కగట్టినవి. ఒక్క డ్రైవర్ మార్చినా మళ్లీ నడపాలి.

సాధన: మౌస్, సీడీ డ్రైవర్, ఎంఎస్‌సిడెక్స్, డాస్‌కీ, ఏదీ తీయకుండా 640 కెబిలో 610 కెబి ఖాళీ తెచ్చుకోండి. ఆటోఎగ్జెక్‌లోని మూడింటినీ ఆరు వరసల్లోనూ ఎక్కించి చూడండి. ప్రతిసారీ రీబూట్ చేసి, మెమ్ /సి (డాస్ 6లో మెమ్ /సి /పి) కొట్టి, పైన మిగిలిన పెద్ద ముక్క ఎంతో కాగితం మీద రాసుకోండి. మెషిన్ స్టార్టయ్యేటప్పుడే ఆగిపోతే, డాస్ 6 ఉన్నవాళ్లు ఎఫ్5 నొక్కండి, రెండు ఫైళ్లనీ వదిలేసి లేస్తుంది. డాస్ 5 వాళ్లు బూట్ ఫ్లాపీ తయారు చేసుకున్నాకే మొదలుపెట్టండి.