తాత రీళ్ళు, నాన్న క్యాసెట్లు, అత్త జ్ఞాపకం

రీళ్ళ పెట్టె మూత తీయగానే ముందు తగిలింది వాసన. పాడైన ఊరగాయ జాడీ తెరిచినట్టు ముక్కుకు ఘాటుగా, పుల్లగా కొట్టింది. తాత పోయాక పాతికేళ్ళు ఆ పెట్టె బీరువాలో కలరా ఉండల మధ్యే ఉంది. మా తాత పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. స్విట్జర్లాండు సహకారంతో 1955లో మొదలైన ఫ్యాక్టరీ అది. ట్రైనింగుకని ఆ దేశం వెళ్ళిన మనిషి, నలుగురిలా వాచీ తెచ్చుకోకుండా బోలెక్స్ 8 ఎం.ఎం. సినిమా కెమెరా మోసుకొచ్చాడని అవ్వ బతికినన్నాళ్ళూ దెప్పేది. ఆ కెమెరాతో 1958 నుంచి 1971 దాకా తీసినవి 19 రీళ్ళు. తర్వాత నాన్న వీడియో క్యాసెట్లు 42. ఆపైన తమ్ముడి మినీ డీవీ అనే చిన్న డిజిటల్ టేపులు, ఇప్పుడు పిల్లల ఫోన్లు. చెన్నైలో ఉంటూ ఎనిమిదేళ్ళకు పైగా వీటితో కుస్తీ పట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే చెప్తున్నా, నేను చేసిన వరసలో మాత్రం చేయకండి.

ముందు స్కానింగు, తర్వాత హార్డ్ డిస్కులు, తీరిగ్గా పేర్లు రాసుకోవచ్చు అనుకున్నాను. తాత తీసినవన్నీ మూగ బొమ్మలు. అవ్వ 2009లో పోయింది. రీళ్ళు 2017లో స్కాన్ చేయించాను. నెల్లూరు ఇంటి పెరట్లో తులసికోట దగ్గర నవ్వుతూ నిలబడ్డ ఆడవాళ్ళు ఏడుగురు. అందులో నలుగురి పేర్లు అవ్వతోనే పోయాయి. అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా, ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి అంటాను. స్కాన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒక ఫోన్‌లో తెల్ల తెర వెలిగించి, రీలు మొదట్లోని రెండడుగులు దానికి తగలకుండా పైన పట్టుకుని, ఇంకో ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీస్తే ముఖాలు గుర్తుపట్టేంత బొమ్మ వస్తుంది. ఫిల్ము అంచులే పట్టుకోవాలి. వేలిముద్ర పడితే పోదు.

మాకు మిగిలిన పెద్దదిక్కు మేనత్త. ఇప్పుడామెకు ఎనభై ఏడు. అడగడంలోనూ ఒక పద్ధతి ఉందని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. “అత్తా, ఎడమ పక్కనున్న ఆవిడ ఎవరు?” అంటే, “ఏమో, గుర్తులేదు” అంటుంది. “ఆ చీర భలే ఉందే” అన్నాననుకోండి, “ఏమే, అది నా చీరే! మీ చిన్నవ్వ అడక్కుండా కట్టుకుంది. ఆ ఉడుకు నాకింకా తగ్గలా” అని మనిషి, తగాదా, సంవత్సరం అన్నీ బయటపెట్టేస్తుంది. మనుషుల్ని నేరుగా అడగొద్దు. చీరలు, గొడుగులు, సైకిళ్ళు, వెనకాల గోడ, గుమ్మంలో కుక్క గురించి అడగండి. ఒక విడతకు ఇరవై నిమిషాలు చాలు, ఆ తర్వాత వాళ్ళు అలిసిపోయి మన మాటకు ఊఁ కొట్టేస్తారు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి దిండు పక్కన ఉంచితే చాలు. ఆ గొంతును సినిమా మీద అతికించకండి. విడి ఫైలుగా దాచి, ఏ నిమిషం దగ్గర ఏం చెప్పారో పక్కన రాసుకోండి.

ఇక వాసన సంగతి. ఆనాటి 8 ఎం.ఎం. ఫిల్ము అసిటేటు అనే ప్లాస్టిక్. వేడికి, చెమ్మకు అది విరుగుతూ అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అంటే వంటింటి వెనిగరే. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా తొందరగా తింటుంది. పక్కనున్న మంచి రీళ్ళకూ ముప్పే. కాబట్టి వాసనొచ్చే రీళ్ళను వెంటనే వేరు చేసి, స్కానింగుకు అన్నిటికంటే మొదట వాటినే పంపాలి. మావాటిలో అలాంటివి నాలుగు. రంగు విషయంలో మాత్రం అదృష్టం. తాత వాడింది కోడాక్రోమ్ అనే రంగు ఫిల్ము. చీకట్లో ఉంచితే దాని రంగులు దశాబ్దాలు నిలుస్తాయి. అత్త పెళ్ళిలో తోరణం మామిడాకులు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి.

మీ దగ్గరున్నది పాత 8 ఎం.ఎం.నా, 1965లో వచ్చిన సూపర్ 8నా అని షాపువాళ్ళు అడుగుతారు. రీలు మధ్య బెజ్జం చిన్నదై, ఫిల్ము అంచు చిల్లులు పెద్దవిగా ఉంటే పాతది. బెజ్జం పెద్దదై, చిల్లులు చిన్నవైతే సూపర్ 8. మూడంగుళాల చిన్న రీలులో 50 అడుగులు పడతాయి. తాత తీసిన వేగానికి అది నాలుగు నిమిషాల చిల్లర. స్కానింగుకు మామూలుగా అడుగు లెక్కన తీసుకుంటారు గనక ముందే లెక్క కట్టుకోండి.

ప్రొజెక్టర్ ఉంది కదా, ఓసారి చూసి ఇద్దాం అని మాత్రం అనుకోవద్దు. ఆ పని మా తమ్ముడు చేశాడు. గోడకు దుప్పటి కట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టి, తాత ప్రొజెక్టర్లో మెరీనా రీలు ఎక్కించాడు. పాత ఫిల్ము కాస్త కుంచించుకుపోతుంది, చిల్లులు పళ్ళలో సరిగ్గా కూర్చోవు. అర నిమిషానికే రీలు ఇరుక్కుంది. బల్బు వేడికి దుప్పటి మీది సముద్రంలో గోధుమరంగు బుడగ లేచి, నల్లగా విచ్చుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చోట నాలుగు ఫ్రేములు ఇప్పటికీ లేవు.

స్కానింగుకు ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు కాగితం మీద రాసివ్వండి. చిల్లుల్లో పళ్ళు దూర్చి లాగే యంత్రం వద్దు, రోలర్ల మీద నడిపేది కావాలి. ఫ్రేము అంచుల దాకా పట్టాలి. గీతలు చెరపడం, రంగులు దిద్దడం చేయని ఫైలు ఒకటి తప్పకుండా ఇవ్వాలి, మెరుగులు దిద్దింది కావాలంటే విడిగా. వేగం సెకనుకు 16 ఫ్రేములుగా ఉంచాలి. ఆ చివరిది మరిచిపోతే 25తో చేసిచ్చేస్తారు. మా మొదటి కాపీలో పెళ్ళి పురోహితుడు కోడిపుంజులా తుళ్ళుతూ తాళిబొట్టు అందించాడు.

క్యాసెట్ల కథ వేరు. ఫిల్మును వెలుతురుకు పెడితే ఏదో ఒకటి కనిపిస్తుంది. టేపుకు యంత్రం కావాలి, ఆ యంత్రాలు అయిపోతున్నాయి. జపాన్ కంపెనీ ఫునాయి 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అందుకే, రీళ్ళకు వెనిగర్ వాసన లేకపోతే ముందు టేపులు చూడండి.

2015 డిసెంబరు చెన్నై వరదకు వెస్ట్ మాంబళంలో నాన్న ఉండే ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కింది అరలోని 11 క్యాసెట్లు బురదలో నానాయి. నాన్న వాటిని మేడ మీద ఎండలో పెట్టాడు. పాపం, మంచి ఉద్దేశమే. బురద లోపలే ఎండి, పొరలు అతుక్కుపోయాయి. తడిసిన టేపును ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యరూ వద్దు, వీసీఆర్లో అసలే పెట్టకూడదు. డిస్టిల్డ్ వాటర్‌తో బురద కడిగి, నీడలో గాలికి ఆరబెట్టి, టేపులు బాగుచేసే వాళ్ళకు ఇవ్వాలి. ఫిల్ము తడిస్తే దానికి తిరగబడ్డ నియమం: ఆరనివ్వకుండా చల్లటి శుభ్రమైన నీళ్ళలోనే ఉంచి, ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేర్చాలి.

అంతకంటే పెద్ద దెబ్బ మనుషుల వల్ల తగిలింది. 2006లో నాన్న, మా పెళ్ళి క్యాసెట్లు మూడు తీసుకెళ్ళి ఓ వీడియో షాపులో డీవీడీ చేయమని ఇచ్చాడు. వాళ్ళు మంత్రాలు, మాటలు తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పెట్టారు. మూడు గంటల్ని యాభై నిమిషాలు చేశారు. క్యాసెట్లు “ఇంకెందుకు సార్” అని పారేశారట. ఆ డీవీడీ కూడా ఇప్పుడు సగంలో ఆగిపోతుంది. మా అమ్మ గొంతు ఉన్న టేపులు అవి. ఎవరికి ఇచ్చినా, ఒరిజినల్ వెనక్కి ఇస్తామని రసీదు మీద రాయించుకోండి.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు: క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే తెల్ల పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని పెడితే వీసీఆర్ హెడ్డుకు అంటి, తర్వాత పెట్టిన ప్రతి టేపుకూ ఎక్కుతుంది. మద్రాసు చెమ్మలో ఇది మామూలే. బూజు లేకుంటే ముందు వెనకాల ప్లాస్టిక్ ట్యాబ్ విరిచేయండి, పొరపాటున మీద రికార్డు కాకుండా. ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చేయండి. వీసీఆర్‌కు ఎస్-వీడియో అనే గుండ్రటి సాకెట్టు ఉంటే పసుపు వైరు బదులు అదే వాడండి. న్యూజెర్సీ మామయ్య పంపిన క్యాసెట్లు ఎన్టీఎస్సీ, అంటే అమెరికా టీవీ పద్ధతి. మన పద్ధతి పాల్, ఆ వీసీఆర్లలో కొన్నింటిలో అవి నలుపు తెలుపులో దొర్లుతాయి, టేపు పాడైందని పారేయకండి. హ్యాండీక్యామ్ వీడియో8 టేపులకు ఒక కిటుకు: సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్ళు ఆ పాత టేపులనూ ఆడించి, ఫైర్‌వైర్ తీగలో డిజిటల్‌గా పంపిస్తాయి. కంప్యూటర్లో ఆ తీగ తగిలించే ఫైర్‌వైర్ కార్డు కోసం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో మూడు శనివారాలు తిరిగాను. నాలుగో శనివారం ఒక ముసలాయన డ్రాయరు అడుగు నుంచి తీసిచ్చాడు. మినీ డీవీకీ అదే తీగ. గంటకు 13 జీబీ వస్తుంది, దాన్ని అలాగే దాచండి. చిన్నది చేసి పంచుకునే కాపీ వేరే చేసుకోవచ్చు.

ఫోన్ వీడియోల గురించి ఒక్కటే మాట. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఎక్కువున్నాయన్నదే అసలు చిక్కు. ఏడాదికి ఒక గంటకు మించి దాచకూడదని మా పిల్లలకు రూలు పెట్టాను. వాళ్ళు పాటించరు.

ఫైళ్ళు మూడు చోట్ల. ఒక డిస్కు నా దగ్గర, ఒకటి కోయంబత్తూరులో తమ్ముడి దగ్గర, మూడోది క్లౌడులో. వరద వస్తే రెండు డిస్కులూ ఒకే ఊళ్ళో మునగకూడదు కదా. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత రీలు నంబరు. వివరాలు తెలుగులో విడి ఫైలులో. ప్రతి ఫైలుకూ ఎండీ5 అనే అంకె తీసి రాసుకున్నాను. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం చెడినా మారిపోతుంది. ఆయుధ పూజ నాడు డిస్కులకు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచుతాం. మర్నాడు వాటిని కంప్యూటర్‌కు తగిలించి ఆ అంకెలు సరిచూడటం మొదటి పని. తేదీ మర్చిపోయే ప్రసక్తే లేదు. అయిదారేళ్ళకోసారి కొత్త డిస్కుకు మారుస్తాను.

స్కాన్ అయిపోయింది కదా అని రీళ్ళు పారేయకండి, రేపు ఇంకా మంచి స్కానర్ రావచ్చు. మేడ కింది అటక వేడెక్కుతుంది, కింది అర మునుగుతుంది. ఏసీ గదిలో నడుము ఎత్తు అర మంచిది. కలరా ఉండల ఆవిరి ఫిల్ముకు పడదు, తీసేయండి. బదులు సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడు మార్చండి. భోగికి ముందు ఇల్లు దులిపేవాళ్ళకు ఆ డబ్బా ఏమిటో గట్టిగా చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఒకసారి అది పాత సామాను కుప్పదాకా వెళ్ళొచ్చింది.

పేర్ల పట్టికలో ఖాళీ గడి వదలొద్దు. పదకొండో రీలులో సెంట్రల్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద, గొడుగు చంకన పెట్టుకున్న ఒకాయన తాత భుజం మీద చెయ్యేసి ఏదో చెప్తుంటాడు. ఆయన గడిలో ఇలా ఉంది: “తెలియదు. అత్తను 2018లో, 2022లో అడిగాను. చిన్నాన్నను 2023లో అడిగాను. గొడుగు తాతది కాదట.”