గ్రాఫిక్ డిజైనర్ కి పీజీ అవసరమా? డబ్బులు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

నాలుగైదేళ్లు లోగోలు, ఫ్లెక్సీలు, ఇన్‌స్టా క్రియేటివ్స్ చేసి చేసి ఒక టైమ్ కి అందరికీ వచ్చే డౌటే ఇది, ఇలాగే ఉంటే ఎదుగూ బొదుగూ ఉండదేమో, మాస్టర్స్ చేసేస్తే ఓ పనైపోతుందేమో అని. ఇంట్లో వాళ్లు ఎలాగూ వదలరు, పిన్నిగారబ్బాయి ఎమ్మెస్ కి వెళ్లాడు నువ్వింకా ఆ ఫోటోషాప్ ముందే కూర్చున్నావా అని. చెయ్ అనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ మీ సంగతి తెలీకుండానే చెప్తారు, కాబట్టి ముందు మీకు ఏ పని కావాలో అనుకుని, ఆ పని ఇచ్చేవాళ్లు డిగ్రీ అడుగుతున్నారో లేదో చూడండి.

చూడటం అంటే నిజంగానే చూడండి. మీరు చేరాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై ముప్పై తెరిచి క్వాలిఫికేషన్ దగ్గర ఏం రాశారో ఒక షీట్ లో రాస్కోండి. ఏజెన్సీలో సీనియర్ డిజైనర్, ఆర్ట్ డైరెక్టర్ లాంటి వాటికి ఎక్కువగా పోర్ట్‌ఫోలియో లింకే అడుగుతారు. సినిమా పబ్లిసిటీ డిజైనింగ్ లో అయితే సర్టిఫికెట్ అడిగే నాథుడే ఉండడు, పోస్టర్ బాగుందా, ఫస్ట్ లుక్ టైమ్ కి ఫైల్ ఇస్తాడా, అంతే. కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే మాత్రం కథ వేరు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కి మామూలుగా మాస్టర్స్ ఉండాలి, దాని మీద విజువల్ ఆర్ట్స్ లో నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ అడుగుతారు. పెద్ద ప్రొడక్ట్ కంపెనీల్లో డిజైన్ రీసెర్చ్ పోస్టులకి కూడా మాస్టర్స్ ఉంటే మంచిదని రాసుంటుంది చాలాసార్లు. మీ షీట్ లో ముప్పైకి ఇరవై ఐదు చోట్ల డిగ్రీ ఊసే లేకపోతే మీకు సగం జవాబు అక్కడే దొరికినట్టు.

జీతం పెరగట్లేదని మాస్టర్స్ చేద్దాం అనుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు కంపెనీ మారి చూడండి. చిన్న ఏజెన్సీలో రోజుకి పది పోస్టులు చేసేవాడికి రెండేళ్ల చదువు కంటే ఆరు నెలలు మోషన్ గ్రాఫిక్స్ గానీ, యాప్ స్క్రీన్లు డిజైన్ చేసే ఫిగ్మా గానీ సీరియస్ గా నేర్చుకుని బయటికి రావడమే తొందరగా పని చేస్తుంది. ఏఐ వచ్చింది కదా అన్న భయంతో అప్లై చేసేవాళ్లూ ఉన్నారు, కానీ ఆ భయం రెండేళ్ల తర్వాత క్యాంపస్ బయట కూడా అక్కడే నిలబడి ఉంటుంది.

సరే, చదవాలనే ఉంది అనుకుందాం. ఇండియాలో అయితే ప్రధానంగా రెండు పరీక్షలు. ఒకటి సీడ్ (CEED), ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఐఐటీల్లో ఎండెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) సీట్లకి దాని స్కోరే కావాలి, మన సంగారెడ్డి దగ్గర కంది లో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా అందులోనే ఉంది. మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, బీకామ్ చదివి డిజైన్ లోకి వచ్చినవాళ్లు కూడా రాయొచ్చు, వయసు పరిమితి లేదు. స్కోరు ఒక్క ఏడాదే పని చేస్తుంది. రెండోది ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల డ్యాట్ (DAT), దీంట్లో ప్రిలిమ్స్ తర్వాత మెయిన్స్ ఉంటుంది, వయసు పరిమితి ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్ లో పుట్టిన తేదీ లైన్ ముందు చదవండి. ఒక విషయం, ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ అని పేరు చూసి దగ్గర్లోనే కదా అనుకోకండి, ఎండెస్ కి వెళ్లాలంటే అహ్మదాబాద్, గాంధీనగర్, బెంగళూరు క్యాంపస్ లు చూస్కోవాలి. ఇవి కాకుండా హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, పాఠాలు చెప్పే లైన్ లోకి వెళ్దామనుకునేవాళ్లు అక్కడి ఎంఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ లో మాస్టర్స్) కూడా చూడొచ్చు.

సీడ్ లో పార్ట్ ఎ కంప్యూటర్ మీద, పార్ట్ బి చేత్తో. ప్రశ్న స్క్రీన్ మీద కనిపిస్తుంది, మీరు పెన్సిల్ తో బుక్లెట్ లో గీయాలి. ఈమధ్య ఫైనల్ స్కోరులో పార్ట్ బి కే 75 శాతం వెయిటేజీ. ఏళ్ల తరబడి కోరల్ డ్రా లో ట్రేస్ చేసుకుంటూ బతికిన చెయ్యి అక్కడ మొరాయిస్తుంది, కుర్చీలో కూర్చున్న మనిషిని పక్క నుంచి గీయమంటే మోకాలు ఎక్కడ వంగుతుందో తెలీదు. రోజూ ఓ అరగంట టీ కొట్టు దగ్గర మనుషుల్ని గీస్తే ఆరు నెలల్లో దారికొస్తుంది, కోచింగ్ కి వేలకు వేలు పోసే ముందు ఇది చేయండి.

విదేశం అయితే ఫీజు కంటే ముందు వీసా చూడాలి. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ (చదివిన లైన్ లో అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ప్రతి కోర్సుకీ సిప్ కోడ్ అని ఒక నంబర్ ఉంటుంది, గ్రాఫిక్ డిజైన్ ది 50.0409, అది స్టెమ్ లిస్టులో లేదు. అదే యూనివర్సిటీలో ఇంటరాక్షన్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడే తీరు డిజైన్ చేయడం) వైపు ఉన్న కోర్సు వేరే కోడ్ తో స్టెమ్ అయ్యుండొచ్చు, అందుకే అడ్మిషన్ వాళ్లకి మెయిల్ పెట్టి సిప్ కోడ్ ఎంత అని అడగండి, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఎలాగూ ప్రింట్ అవుతుంది గానీ అప్పటికి డిపాజిట్ కట్టేసి ఉంటారు. మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, అదీ అడగండి. యూకేలో మాస్టర్స్ చాలావరకు ఏడాదే, తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి మాత్రం 18 నెలలే.

తెలుగు అక్షరాల మీద పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం నేను వెళ్లమనే చెప్తాను, కొంచెం పక్షపాతమే అనుకోండి. యూకేలో రీడింగ్ యూనివర్సిటీలో టైప్‌ఫేస్ డిజైన్ అనే మాస్టర్స్ ఉంది, ఇంగ్లీషు కాని లిపుల మీద కూడా అక్కడ పని జరుగుతుంది. "రాష్ట్రం" అన్న మాట టైప్ చేసి లైన్ స్పేసింగ్ కొంచెం తగ్గించండి, ష కింద ట వత్తు, ర వత్తు కలిసి కిందికి దిగి కింది లైన్ లో "కి" మీదున్న గుడిని గుద్దుకుంటాయి. ఆఫీసులో అయితే స్పేసింగ్ పెంచేసి ఫైల్ పంపేస్తాం, క్లయింట్ ఫోన్ లో ఉంటాడు కదా. ఆ వత్తుని ఎంత కుదించొచ్చు, చిన్న సైజులో చదవడానికి వస్తుందా లేదా అని నెలల తరబడి కూర్చునే టైమ్ ఉద్యోగంలో ఎవడిస్తాడు.

ఇక డబ్బులు. 20 లక్షలు లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 27,500. చదివే టైమ్ లో ఈఎంఐ లేకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది, అది అసలులో కలిస్తే ఈఎంఐ ఇంకా పెరుగుతుంది. దీనికి మీరు వదులుకునే జీతం కూడా కలపండి, నెలకి 30 వేలు వస్తుంటే రెండేళ్లకి 7 లక్షల 20 వేలు. ఈ లెక్కంతా ముందు పెట్టుకుని, ఆ కోర్సు చేసి రెండేళ్లయినవాళ్లని లింక్‌డిన్ లో వెతికి ఇప్పుడేం చేస్తున్నారో చూడండి, కాలేజీ బ్రోచర్ లో ఉండే ఇద్దరు ముగ్గుర్ని కాదు, ఆ బ్యాచ్ లో దొరికినంతమందిని.

ఇంకో పరీక్ష మీకు మీరే పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మీ ఊరి బస్టాండ్ తీస్కోండి. ప్లాట్‌ఫామ్ బోర్డులు ఫోటోలు తీసి, కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ ఆగి ఎవర్ని అడుగుతున్నారో చూసి, ఓ పదిమందితో మాట్లాడి, బోర్డులు మళ్లీ డిజైన్ చేసి ప్రింట్ తీసి జనాలకి చూపించి, ఎందుకలా చేశారో రెండు పేజీలు రాయండి. మూడు నెలలు పడుతుంది. మధ్యలో సందేహం వస్తే ఐఐటీ బాంబే ఐడీసీ (అక్కడి డిజైన్ స్కూల్) వాళ్లు నడిపే డీసోర్స్ సైట్ ఉంది, ఫ్రీ. ఎండెస్ లో చేయించేది చాలావరకు ఇలాంటి పనే. పోస్టర్ అందంగా వచ్చేదాకా హుషారుగా ఉండి, జనాలతో మాట్లాడటం, రాయడం దగ్గరికొచ్చేసరికి బోర్ కొట్టిందంటే రెండేళ్లు నరకమే, మానేయండి. ఇష్టంగా చేశారా, ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ ప్రాజెక్టే చాలు, ముప్పై ఇన్‌స్టా పోస్టుల కంటే దాని గురించే ఎక్కువ అడుగుతారు.

సీడ్ నోటిఫికేషన్ అక్టోబర్ టైమ్ లో వస్తుంది, పరీక్ష జనవరిలో, ఆ తర్వాత ఒక్కో ఐఐటీకి విడిగా అప్లై చేసి ఇంటర్వ్యూకి వెళ్లాలి, చేరేది జూలై ఆగస్టులో. అమెరికా డెడ్‌లైన్లు కూడా చాలావరకు డిసెంబర్, జనవరిలోనే. కాబట్టి ఈ బస్టాండ్ పని జూన్ కల్లా మొదలెట్టండి, ఉద్యోగం మానకుండానే, నోటీస్ పీరియడ్ రెండు నెలలే కదా, సీటు లెటర్ చేతికొచ్చాక పేపర్ పెట్టినా సరిపోతుంది.