చెప్పు తిరగేసి చూసి కొనండి

మా బావమరిది పెళ్లికి వేసుకుందామని మూడేళ్లుగా అటక మీద అట్టపెట్టెలో దాచిన బూట్లు కిందికి దించాను. పైన తోలు మెరిసిపోతోంది, ఒక్క గీత లేదు. ఫంక్షన్ హాలు మెట్లెక్కి భోజనాల దాకా వెళ్లేసరికి నా వెనకాల దారి పొడుగునా నల్లటి ముక్కలు, నానిన బిస్కెట్ పొడిలాగా. "అంకుల్, మీ బూటు రాలిపోతోంది" అని ఓ పిల్లాడు అందరికీ వినపడేలా అరిచాడు. మిగతా పెళ్లంతా ఎవరివో హవాయి చెప్పులతో కానిచ్చాను.

ఆ సోల్ పీయూ, అంటే పాలీయురేథేన్. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, రోజూ ఆఫీసుకు వేసుకునేవాళ్లకు హాయిగానే ఉంటుంది. తంటా అంతా తేమతోనే. గాలిలో తేమ తగిలి పీయూ లోపల్నుంచి మెల్లగా విరుగుతూ వస్తుంది, మీరు వేసుకున్నా వేసుకోకపోయినా. మూడు నుంచి ఐదేళ్లలో పిండి అయిపోయిన బూట్లు బోలెడు. వైజాగ్, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఉంటే మరీ జాగ్రత్త. కాబట్టి పీయూ కొంటే వాడేయండి, దాచుకోకండి, పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి అసలే పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు పెళ్లిళ్లకు మాత్రమే వేసుకునే బూట్లకు రబ్బరు సోల్ అడగండి. పైభాగం బాగుంటే రాలిపోయినదాన్ని కూడా పారేయనక్కర్లేదు, చెప్పులు కుట్టే ఆయన రబ్బరు సోల్ వేసి కుట్టి ఇస్తాడు. నా బూట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

సరే, షాపులో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? సేల్స్‌మ్యాన్‌ని అడిగితే ఏం చూపించినా "ఒరిజినల్ రబ్బర్ సార్" అంటాడు. చేతిలోకి తీసుకుని బరువు చూడండి, గోటితో నొక్కండి, మధ్యలో వంచండి, వాసన చూడండి (సిగ్గుపడకండి, డబ్బు మీది).

చేతిలో ఏమీ లేనట్టు తేలిగ్గా ఉండి, గోరు గుచ్చితే గుంట పడితే అది ఈవీఏ, అంటే నురుగులాంటి తేలికపాటి ప్లాస్టిక్. వాకింగ్ బూట్లలో మధ్య పొర చాలావరకు ఇదే, కింద నేలకు తగిలే చోట మాత్రం రబ్బరు ముక్కలు అతికిస్తారు. మొత్తం ఈవీఏతోనే చేసిన చెప్పులు ఇంట్లోకి బాగుంటాయి గానీ రోడ్డు మీద త్వరగా అరుగుతాయి, పైగా వాడేకొద్దీ అణిగిపోయి మెత్తదనం పోతుంది. పరుగెత్తేవాళ్లను 500 నుంచి 800 కిలోమీటర్లకు బూట్లు మార్చమనేది అందుకే, పైన కొత్తగా కనిపించినా సరే. ఇంకోటి, వీటిని మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, వేడికి ముడుచుకుపోయి సైజు తగ్గొచ్చు.

బరువుగా ఉండి, వంచి వదిలితే టక్కున వెనక్కి వచ్చేది రబ్బరు. తడి నేల మీద పట్టుకీ, మన్నికకీ దీన్ని మించింది లేదు. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు గోధుమరంగు గమ్ రబ్బరు, నాన్‌మార్కింగ్ (కోర్టు మీద గీతలు, మరకలు పడనివ్వని) సోల్ ఉన్నవే తీసుకోండి. రన్నింగ్ బూట్లతో కోర్టులోకి దిగితే మడమ ఎత్తుగా ఉండటం వల్ల పక్కకు అడుగేసినప్పుడు చీలమండ మడత పడుతుంది.

గట్టిగా, బరువుగా, కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన వేస్తే పీవీసీ. చవక. పొలంలో బురదకు గమ్‌బూట్లుగా బంగారం లాంటిది, తడిసిన టైల్స్ మీద మాత్రం పీవీసీ చెప్పులు జారుతాయి. టీపీఆర్ (ప్లాస్టిక్‌లా కరిగించి అచ్చుపోసే రబ్బరు) రబ్బరుకీ పీవీసీకీ మధ్యరకం, స్కూలు బూట్లకు సరిపోతుంది. తోలు సోల్ చూడ్డానికి బాగుంటుంది, వానలో తడిస్తే మాత్రం అయిపోయినట్టే.

సైటులో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఐఎస్ 15298 (సేఫ్టీ బూట్లకు మన దేశపు ప్రమాణం) అని రాసి, ఐఎస్ఐ మార్కు ఉన్నవి చూసుకోండి. నూనె, డీజిల్ కారే చోటయితే నైట్రైల్ రబ్బరు సోల్ కావాలి, మామూలు రబ్బరు నూనెకు ఉబ్బి పాడవుతుంది. వేడి నేల మీద పని అయితే హెచ్‌ఆర్‌ఓ అన్న అక్షరాలు వెతకండి, 300 డిగ్రీల వేడిని ఒక నిమిషం తట్టుకుందని పరీక్షించాకే అది వేస్తారు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చెప్పేది ఎంసీఆర్ చెప్పులు, అంటే పాదం కింద సన్నటి గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు, దాని అడుగున మేకు దిగని గట్టి సోల్. ఈ రెండో పొర లేకుండా మెత్తగా ఉన్న ప్రతిదాన్నీ "డాక్టర్ చెప్పులు" అని అమ్ముతున్నారు, బొటనవేలితో అడుగున గట్టిగా నొక్కి చూడండి. వెనక పట్టీ కూడా ఉండాలి, లేకపోతే చెప్పు ఊడిపోయినా వాళ్లకు తెలియదు. కొనేముందు డాక్టరుకు ఒకసారి పాదం చూపించండి.

ఇంత చదివాక లేచి వెళ్లి మీ ఇంట్లో బాత్రూం చెప్పులు తిరగేసి చూడండి. మడమ కింద గీతలు పోయి నున్నగా అయ్యుంటే, నాన్నగారు మళ్లీ స్నానానికి వెళ్లేలోపే మార్చేయండి.