గిటార్‌కి కాపర్ టేపు అంటించే ముందు

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా గిటార్ విప్పి కూర్చున్నాను. మూడు సింగిల్ కాయిల్ పికప్పులున్న (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కోదాంట్లో ఒకే వైరు చుట్ట) స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్. ప్రార్థనప్పుడు అందరూ కళ్లు మూసుకుని ఉంటే నా యాంప్ ఒక్కటే గుయ్‌మంటోంది. పాస్టరుగారు రెండుసార్లు నా వైపు చూశారు. ఇక లాభం లేదని సాయంత్రందాకా బయటి రొద చొరబడకుండా లోపలంతా కాపర్ టేపు అంటించాను. దీన్నే షీల్డింగ్ అంటారు. రేకు అంచుకి వేలు కోసుకుంది కూడా. తీరా ప్లగ్ పెడితే అదే గుయ్!

కారణం ఏమిటంటే, నా కుర్చీ యాంప్‌ని ఆనుకుని ఉంది. దానిలోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పికప్ నేరుగా పట్టేస్తోంది. కుర్చీ ఆరడుగులు అవతలికి జరిపితే చాలా మటుకు తగ్గిపోయింది. అందుకే ఇప్పుడు ఎవరు షీల్డింగ్ చేయమని గిటార్ తెచ్చినా ముందు స్క్రూడ్రైవర్ తీయను.

మొదట గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పండి. అయినా మోత ఉంటే తప్పు చాలా మటుకు గిటార్‌లో ఉండదు. కేబుల్, పెడల్ అడాప్టర్, యాంప్ ఒక్కొక్కటే మార్చి చూడండి.

తర్వాత ఎర్త్. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కి కలిసే ఉంటాయి. ప్లగ్ పెట్టి ఉండగా తీగ మీద టెస్టర్ పెట్టండి. వెలిగితే సాకెట్‌లో ఎర్త్ లేనట్టో, ఎక్కడో కరెంట్ లీకవుతున్నట్టో. పాడుతుంటే మైకు మూతికి తగిలి జివ్వుమనేది చాలాసార్లు ఇందువల్లే. గిటార్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మోత తగ్గుతుందని త్రీ పిన్ ప్లగ్‌లో పొడుగు పిన్ను పీకేసేవాళ్లని చూశాను. చచ్చినా ఆ పని చేయకండి.

ఎర్త్ బాగుందని తేలాకే చేత్తో తీగలు పట్టుకోండి. మోత తగ్గితే మంచిదే. గాల్లోని విద్యుత్ రొదని మీ ఒళ్లు యాంటెన్నాలా పట్టి పికప్‌కి అందిస్తోంది, తీగలు ముట్టగానే అది ఎర్త్‌లోకి పోతోంది. షీల్డింగ్ పనిచేసేది సరిగ్గా ఈ రకం మోత మీదే. పట్టుకుంటే పెరిగిందా? జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర వైర్లు తారుమారై ఉండొచ్చు. ఏ తేడా లేకపోతే బ్రిడ్జ్‌కి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగానికి) వెళ్లే ఎర్త్ వైరు ఊడిందేమో మల్టీమీటర్‌తో చూడండి. తీగకీ జాక్ బయటి భాగానికీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి.

ఇప్పుడు గిటార్ పట్టుకుని నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున మోత దాదాపు మాయమై, ఇంకో దిక్కున పెరుగుతుంటే అది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే హమ్. మన 50 హెర్ట్జ్ కరెంట్ చేసే ఆ హమ్‌ని పల్చటి రాగి రేకు ఆపలేదు. మధ్య పికప్ రివర్స్ వైండింగ్‌దైతే (మిగతా వాటికి ఎదురు దిశలో చుట్టినదైతే) పికప్‌లని ఎంచుకునే స్విచ్‌ని 2 లేదా 4 స్థానంలో పెట్టండి, రెండు పికప్పుల హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు చుట్టలుండే హంబకర్ పికప్ పనిచేసేదీ ఈ కిటుకుతోనే.

ఒకసారి గదిలో ఫ్యాన్ ఆపేసి కూడా చూడండి. మా ఇంట్లో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ రెండు మీద ఉంటే బర్రుమని ఒకటే గోల, ఐదు మీద పెడితే గప్‌చుప్.

ఇవన్నీ చూశాక, తీగలు ముడితే తగ్గుతూ, ఎటు తిరిగినా ఒకేలా బర్రుమనే మోత మిగిలితే అప్పుడు టేపు కొనండి. ముక్క మీద ముక్క అంచు ఎక్కేలా అంటించి, అతుకుల దగ్గర చిన్న సోల్డర్ చుక్క పెట్టాలి. జిగురు కరెంట్‌ని పోనిస్తుందని నమ్మి వదిలేస్తే కొన్నాళ్లకి ఏదో ఒక ముక్క విడిగా మిగులుతుంది. పిక్‌గార్డ్ (గిటార్ ముందుండే ప్లాస్టిక్ పలక) వెనక రేకు కూడా లోపలి టేపుకి తగలాలి. మొత్తానికీ ఒక వైరు తీసి వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే లోహపు డబ్బా) వెనక్కి కలపండి.

బిగించేముందు జాక్ చూసుకోండి. కేబుల్ గుచ్చినప్పుడు జాక్‌లోని హాట్ కొస (సిగ్నల్ వెళ్లే రేకు) వెనక్కి వంగి టేపుకి తగిలితే గిటార్ అసలు పలకదు. అక్కడ రాగి మీద ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి వేసేయండి.