విరేచనాల మందు తాగే ముందే ట్యూమర్ మార్కర్ పరీక్షకు రక్తం ఇవ్వండి

కొలనోస్కోపీతో (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) పాటు సీఈఏ, సీఏ 19-9 లాంటి ట్యూమర్ మార్కర్ పరీక్షలు (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాలను కొలిచేవి) కూడా రాసినప్పుడు, ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని చాలామంది రక్తం కూడా ఆ రోజే ఇచ్చేస్తారు. వీలుంటే అలా చేయకండి. కొలనోస్కోపీ కోసం పేగులు శుభ్రం చేసే విరేచనాల మందు మొదలుపెట్టకముందే, మామూలుగా తింటూ తాగుతూ ఉన్న రోజున ఇవ్వండి.

ఆ మందు ట్యూమర్ మార్కర్లను పుట్టించదు. కానీ విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే రక్తం కాస్త చిక్కబడుతుంది, అప్పుడు అందులోని ప్రోటీన్ల అంకె కొద్దిగా పెరగొచ్చు, సీఈఏ కూడా ప్రోటీనే. తేడా చిన్నదే అనుకోండి, కానీ పొగతాగని వాళ్లకు పైహద్దు మిల్లీలీటరుకు 3 నానోగ్రాముల దగ్గర పెట్టుకునే పరీక్షలో 2.9 కాస్తా 3.2 అయిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు రాసి ఉంటే వాటి మీద ఈ మందు ప్రభావం ఇంకా ఎక్కువగా ఉండొచ్చు.

జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి, కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది ఫలితాన్నే తప్పుగా చూపిస్తుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

మందు తాగాకే రక్తం ఇవ్వాల్సి వస్తే, తాగమన్న నీళ్లు, ద్రవాలు తగ్గించకండి (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ని ముందే అడగాలి). రక్తం తీసేవాళ్లకు మందు తాగిన సంగతి చెప్పి, దాన్ని ఫారం మీద రాయించండి. రక్తపరీక్ష కోసం మందు మానేయడం, కొలనోస్కోపీ వాయిదా వేసుకోవడం మాత్రం వద్దు.

అంకె హద్దుకు కాస్త పైన వచ్చిందా? టెన్షన్ పడకుండా పాత రిపోర్టులన్నీ తీసుకుని డాక్టర్‌ని కలవండి. మళ్లీ చేయించమంటే అదే ల్యాబ్‌కు వెళ్లండి, ఎందుకంటే ల్యాబ్‌ను బట్టి పద్ధతి మారితే అదే రక్తానికి వేరే అంకె రావచ్చు. పొగతాగే అలవాటు, కాలేయ జబ్బు కూడా సీఈఏను పెంచుతాయి, పిత్తనాళంలో అడ్డు ఉంటే సీఏ 19-9 బాగా పెరుగుతుంది, కాబట్టి ఇవేవీ దాచకుండా చెప్పండి.

అంకె రెండింతలు మూడింతలైతే మాత్రం ఆ తప్పును విరేచనాల మందు మీదకు నెట్టి ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. అలాగే సీఈఏ మామూలుగా ఉందని కొలనోస్కోపీ మానేయకండి, పేగు క్యాన్సర్ తొలిదశలో ఉన్న చాలామందిలో అది పెరగదు.